దసరాకు ఫోన్ కొనేముందు



సింగరేణి బొగ్గు గనుల ఊళ్లలో దసరా దగ్గరికొస్తే జమ్మి, పాలపిట్టతో పాటు లాభాల వాటా ముచ్చట కూడా మొదలవుతుంది. 2024లో కంపెనీ పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. మరుసటి ఏడాది 34 శాతం, కాంట్రాక్టు కార్మికుల సొమ్ము కలిపి 819 కోట్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆన్‌లైన్ కంపెనీల పండుగ అమ్మకాలు మొదలవుతాయి. మంచిర్యాల, గోదావరిఖని బజార్లలో ఫోన్ల దుకాణాల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. ఖాతాలో పైసలు పడ్డ వారంలోనే పిల్లలు కొత్త ఫోన్ మాట ఎత్తుతారు. ఆ తొందరలో చాలామంది పెట్టె మీది అంకెలు చూసి కొనేస్తున్నారు. మంచిర్యాల జిల్లా జైపూర్ లాంటి చోట ఉండేవాళ్లు ఫోన్‌లో ఏం చూసుకోవాలో ఈ పూట చెబుతాను.

నేను మాట్లాడేది 15 వేల నుంచి 30 వేల రూపాయల లోపు ఫోన్ల గురించి. ఈ ధరలో ప్రతి కంపెనీ ఒకటి ఇచ్చి ఇంకొకటి కోస్తుంది. మంచి తెర ఇస్తే కెమెరాలో కోత పెడుతుంది, పెద్ద బ్యాటరీ ఇస్తే చిప్‌లో కోత పెడుతుంది. ఇచ్చినదాన్ని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. కోసినదాని ఊసు ఎక్కడా ఉండదు. దాన్ని వెతికి పట్టుకోవాలి, మన రోజువారీ బతుకుకు అది అవసరమో కాదో తేల్చుకోవాలి. కోసింది మనకు అక్కర్లేనిదైతే ఆ ఫోన్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

మరి మన రోజు ఎట్లా ఉంటుంది? జైపూర్ చుట్టూ చూస్తే ఒకవైపు 2016 ఆగస్టు 7న జాతికి అంకితమైన 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఇంకోవైపు ఇందారం, శ్రీరాంపూర్ బాయిలు, ఓసీలనే ఓపెన్‌కాస్ట్ గనులు. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఎప్పుడూ బరువు బండ్ల మోత. మే నెలలో వాతావరణ వార్తలు పెడితే రామగుండం పేరు వినబడని రోజుండదు. 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఎండ, బొగ్గు దుమ్ము, చప్పుడు, షిఫ్టు. బెంగళూరులో ఏసీ గదిలో కూర్చుని ఫోన్ మీద సమీక్ష చేసేవాళ్లకు ఈ నాలుగూ తగలవు. ఆ సమీక్షలు తప్పని నేను అనను. అవి వాళ్ల రోజుకు సరిపోతాయి.

అన్నిటికంటే ముందు వేడి సంగతి. ఫోన్ బ్యాటరీ లిథియం అయాన్ రకానిది. వేడి దానికి పెద్ద శత్రువు. ఆపిల్ కంపెనీ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. వాడకుండా పక్కన పెట్టినా 45 డిగ్రీలు దాటనివ్వొద్దంటుంది. లక్ష రూపాయల ఫోనుకే ఆ హద్దు ఉన్నప్పుడు 20 వేల ఫోనుకు ఎక్కువ ఓర్పు ఉంటుందని అనుకోలేం. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం నీడలోనే ఆ 35 డిగ్రీల హద్దు దాటిపోతుంది.

అండర్‌గ్రౌండ్ బాయిలో పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. గనిలో మీథేన్ వాయువు ఉండే అవకాశం ఉంది కాబట్టి మామూలు ఫోన్ లోపలికి తీసుకుపోకూడదు. మంచి నియమమే, ప్రాణాలు కాపాడే నియమం. అయితే ఫోన్ పైనే ఉండిపోతుంది. కొందరు బైకు డిక్కీలో పెట్టి దిగుతారు. ఫస్ట్ షిఫ్టు అయిపోయేదాకా ఆ బండి ఎండలోనే నిలబడి ఉంటే డిక్కీ లోపల వేడి ఎంత ఉంటుందో చేయి పెట్టినవాళ్లకు తెలుసు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. నూరు శాతం చార్జ్ చేసిన బ్యాటరీ వేడిలో ఉంటే, సగం చార్జ్‌తో అదే వేడిలో ఉన్నదాని కంటే చాలా తొందరగా సత్తా కోల్పోతుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున నిండు బ్యాటరీతో డిక్కీలో వేసి దిగడమంటే దాన్ని రోజూ కొంచెం కొంచెం చంపుకోవడమే. అరవై శాతం దగ్గర తీసేయండి, సాయంత్రం మళ్లీ పెట్టుకోవచ్చు. చాలా ఫోన్లలో ఇప్పుడు ఎనభై శాతం దగ్గర చార్జింగ్ ఆపే ఏర్పాటు ఉంది. కొనేముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ భాగం తెరిచి అది ఉందో లేదో చూడండి. మన ఎండకు దాని విలువ ఒక కెమెరా కంటే ఎక్కువ.

బ్యాటరీ ఎంత పెద్దదో అందరూ అడుగుతారు. 5,000, 6,000, ఇప్పుడు 7,000 మిల్లీ ఆంపియర్ అవర్లు కూడా వస్తున్నాయి. ఎన్నేళ్లు నిలుస్తుందో అడిగేవాళ్లు తక్కువ. ఈ విషయంలో యూరప్ ఒక మంచి పని చేసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 సార్లు నింపి ఖాళీ చేశాక కూడా కనీసం 80 శాతం సత్తా నిలుపుకోవాలన్నది నియమం. ఆ లెక్క ఫోన్‌తో పాటు ఇచ్చే లేబుల్‌లో రాయాలి. కింద పడితే ఎంత తట్టుకుంటుందో, మరమ్మతు ఎంత సులువో కూడా అదే లేబుల్‌లో ఉంటుంది. మీరు కొనదలచిన మోడల్ యూరప్‌లో కూడా అమ్ముతుంటే ఆ లేబుల్‌ను ఇంటర్నెట్‌లో వెతికి చూడొచ్చు. ఇక్కడి ఫోన్‌లో బ్యాటరీ వేరేది వేసే అవకాశం ఉంది కాబట్టి రెండిటి అంకెలూ కలుస్తున్నాయో లేదో పోల్చుకోండి.

వేడికి తెర కూడా లొంగుతుంది. ప్రకటనల్లో 3,000 నిట్లు, 4,500 నిట్లు అని వెలుగు లెక్క చెబుతారు. అది తెరలో చిన్న ముక్క మీద, ప్రత్యేకమైన వీడియో ఆడేటప్పుడు కాసేపు వచ్చే వెలుగు. మనం ఎండలో నిలబడి మెసేజ్ చదివేటప్పుడు తెరంతా ఎంత వెలుగుతుందన్నది వేరే అంకె. దాన్ని హై బ్రైట్‌నెస్ మోడ్ అంటారు. అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది. పైగా ఫోన్ కాగిపోతే తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించేస్తుంది. సరిగ్గా ఎండలోనే, మనకు కావలసినప్పుడే తగ్గిస్తుంది. అందుకని దుకాణంలో ట్యూబులైట్ల కింద ఫోన్ చూసి తృప్తి పడకండి. షాపాయనను అడిగి డెమో ఫోన్ పట్టుకుని బయటికి రండి. మధ్యాహ్నం పూట వస్తే ఇంకా మంచిది. ఎండలో పది నిమిషాలు వీడియో తీయండి. ఫోన్ ఎంత వేడెక్కింది, తెర మసకబారిందా, వీడియో తెగిందా, కెమెరా మూతపడిందా? ఈ పది నిమిషాలు చెప్పినంత ఏ పెట్టె మీది అంకెలూ చెప్పవు. మీరు పెట్టేది 20 వేలు, బయటికి తీసుకుపోయి చూస్తామని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక దుమ్ము. ఓసీలో పనిచేసేవాళ్ల ఫోన్ చార్జింగ్ రంధ్రంలో ఆర్నెల్లకే నల్లటి ముద్ద పేరుకుంటుంది. కేబుల్ వదులవుతుంది, స్పీకరు గొంతు పూడుకుపోతుంది. ఫోన్ వివరాల్లో ఐపీ 54, ఐపీ 64, ఐపీ 68 అని రాసి ఉంటుంది కదా, ఆ రెండంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు సంబంధించినది. అమ్మేవాళ్లు రెండో అంకె గురించే మాట్లాడతారు, ఫోన్‌ను నీళ్ల గిన్నెలో ముంచి చూపిస్తారు. మనకు మొదటిదే ముఖ్యం. అది 5 అయితే కొంత దుమ్ము లోపలికి పోయినా పని ఆగదని అర్థం. 6 అయితే దుమ్ము లోపలికి పోనే పోదని. బొగ్గు, బూడిద మధ్య తిరిగేవాళ్లు 6 ఉన్న ఫోన్ కోసం వెయ్యి, రెండు వేలు ఎక్కువ పెట్టినా దండగ కాదు. డెమో ఫోన్‌లో సిమ్ ట్రే బయటికి లాగి చూడండి, దాని అంచుకు రబ్బరు చుట్టు ఉందో లేదో కనబడుతుంది. ఈ రక్షణంతా కొత్త ఫోనుకే. ఒకసారి తెర మార్పించడానికి ఫోన్ విప్పితే ఆ బిగింపు మునుపటిలా ఉంటుందన్న భరోసా లేదు. ఐపీ అంకె ఎంత పెద్దదైనా నీళ్లు పోయి పాడైతే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు చిన్న అక్షరాల్లో రాస్తాయి, అది కూడా చదువుకోండి.

వేలిముద్ర సంగతి ఎవరూ మాట్లాడరు. పని చేసే చేతుల మీద గీతలు అరిగిపోతాయి. టింబరు మోసిన చేతులకు, పార పట్టిన చేతులకు, కూలికి పోయే ఆడవాళ్ల చేతులకు ఆధార్ యంత్రం దగ్గర ఎదురయ్యే ఇబ్బంది మనందరికీ తెలిసిందే. అదే ఇబ్బంది ఫోన్ దగ్గరా వస్తుంది. తెర కింద అమర్చిన వేలిముద్ర పరికరాల్లో ఈ ధరలో ఎక్కువగా దొరికేవి వెలుగుతో వేలిని ఫొటో తీసే రకం. చెమట, నూనె, అరిగిన గీతలు ఉంటే అవి తడబడతాయి. పక్క బటన్ మీద ఉండే పరికరం చూడటానికి అంత సొగసుగా ఉండకపోయినా చాలామంది చేతులకు దానితోనే పని సులువు. ఫోన్ మీరు వాడేదైతే మీ వేలే నమోదు చేసి పది సార్లు తెరిచి చూడండి. నాన్నకు కొంటుంటే నాన్నను వెంట తీసుకుపోండి. ఆయన చేతికి పలకని ఫోన్ ఎంత మంచిదైనా ఆయనకు పనికిరాదు.

మాట వినబడటం కూడా పరీక్షించాలి. ఫోన్ కొని మాట్లాడటమే మరిచిపోయినట్టు, సమీక్షల్లో కాల్ గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. డంపర్లు, కన్వేయర్లు, లారీల మధ్య మాట్లాడే మనకు చుట్టూ ఉన్న చప్పుడును తగ్గించే రెండో మైకు కావాలి. ఫోన్ పై అంచున చిన్న రంధ్రం ఉంటే సాధారణంగా అదే. రోడ్డు మీద నిలబడి ఇంటికి ఫోన్ చేయండి, నా మాట సరిగ్గా వినబడుతుందా అని అవతలివాళ్లను అడగండి.

నెట్‌వర్క్ విషయంలో 5జీ అని రాసి ఉంటే చాలని అనుకోవద్దు. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. ఆ సేవ వేర్వేరు బ్యాండ్లలో నడుస్తుంది. వాటిలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ దూరం పోతుంది, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది. 2022 వేలంలో దాన్ని జియో కొన్నది. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీకి కూడా ఇదే బ్యాండ్ వాడుతున్నారు. పేరు బ్యాండ్ 28. కోటపల్లి, వేమనపల్లి వైపు అడవి పక్క ఊళ్లలో చుట్టాలున్నవాళ్లు, అక్కడికి డ్యూటీకి పోయేవాళ్లు ఫోన్ వివరాల పట్టికలో 4జీ వరుసలోనూ 5జీ వరుసలోనూ ఈ 28 ఉందో లేదో చూసుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ గట్టిగా ప్రసారం చేయాల్సి వస్తుంది, బ్యాటరీ తొందరగా దిగుతుంది, ఫోన్ వేడెక్కుతుంది. వేడి దగ్గరికే మళ్లీ వచ్చాం.

చిప్ పేర్ల దగ్గర చాలామంది తికమకపడతారు. అంకె పెద్దదైతే కొత్తదని, కొత్తదైతే వేగమైనదని అనుకుంటాం. అన్నిసార్లూ అట్లా ఉండదు. మీడియాటెక్ డైమెన్సిటీ 6080 అనే చిప్ పాత డైమెన్సిటీ 810కి ఇంచుమించు మారుపేరే. క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ పేర్ల చివర 'ఎస్' అక్షరం ఉంటే, అదే వరుసలో ఎస్ లేనిదాని కంటే అది ఒక మెట్టు కిందిది. పేరును వదిలేసి, రెండు ఫోన్ల చిప్‌లను పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక చూడండి. ర్యామ్ దగ్గర ఇంకో మాయ ఉంది. 16 జీబీ ర్యామ్ అని రాసి, పక్కన చిన్నగా 8 కలిపి 8 అని రాస్తారు. ఆ రెండో 8 అసలు ర్యామ్ కాదు, స్టోరేజీ నుంచి తీసుకున్నది. ఇంట్లో చోటు చాలక సామాను పెరట్లో పెట్టుకున్నట్టు, కావలసినప్పుడల్లా బయటికి పోయి తెచ్చుకోవాలి. అసలు ర్యామ్ 8 జీబీ ఉంటే మన వాడకానికి చాలు. స్టోరేజీ కూడా ఎన్ని జీబీలని అడిగి ఊరుకోకండి, యూఎఫ్ఎస్ 2.2 రకమా, 3.1 రకమా అడగండి. రెండేళ్ల తర్వాత ఫోన్ నెమ్మదిస్తుందా లేదా అన్నది దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. 108 అయినా 200 అయినా ఆ మెగాపిక్సెల్స్ కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు. ఆ ఫోన్లు మామూలుగా కొన్ని పిక్సెల్స్‌ను ఒకటిగా కలిపి చిన్న ఫొటోనే ఇస్తాయి. 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ కెమెరాలు లెక్క పెంచడానికి పెట్టినవి. చేయి వణికినా ఫొటో నిలబెట్టే ఓఐఎస్ ఉందా, చీకటిలో మనిషి ముఖం తెలుస్తోందా, ఈ రెండూ చూస్తే చాలు. బతుకమ్మ ఫొటోలు మనం తీసేది రాత్రి పూటే కదా.

నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న విషయం అప్‌డేట్లు. జీతం, పింఛను, పీఎఫ్, యూపీఐ అన్నీ ఈ ఫోన్‌లోనే ఉన్నాయి. దొంగలు కూడా ఇప్పుడు ఫోన్ దారినే ఇంట్లోకి వస్తున్నారు. భద్రతా సవరణలు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు పని చేసుకోవడం మంచిది కాదు. నాలుగేళ్ల అప్‌డేట్లు అని కంపెనీ చెబితే ఆ నాలుగేళ్లు సాధారణంగా మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్క, మనం కొన్న రోజు నుంచి కాదు. దసరా ఆఫర్లలో బాగా ధర తగ్గేవి చాలా మటుకు నిరుటి మోడళ్లు. 2024 జనవరిలో వచ్చిన ఫోన్‌ను 2025 అక్టోబరులో కొన్నవాళ్లకు నాలుగేళ్లలో ఏడాది తొమ్మిది నెలలు అప్పటికే గడిచిపోయాయి. ధర తగ్గింపు మంచిదే, పోయిన నెలల విలువ కూడా అందులోంచి తీసేసి లెక్క వేయండి. 20 వేల ఫోనుకు ఇంకా నాలుగేళ్ల అప్‌డేట్లు ఉంటే ఏడాదికి 5,000 పడ్డట్టు. 14 వేల ఫోనుకు రెండేళ్లే మిగిలితే ఏడాదికి 7,000. ఏది చవక? కంపెనీ మాట నిలబెట్టుకుంటుందో లేదో దుకాణంలోనే తెలుస్తుంది. డెమో ఫోన్ ఇంటర్నెట్‌లో ఉంటే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. కొత్త సవరణ ఏదీ సిద్ధంగా లేకుండా ఆ తేదీ ఆరేడు నెలల వెనక ఉంటే ఆ కంపెనీ మన ఫోన్‌ను కూడా అట్లాగే చూసుకుంటుంది.

సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కొనకముందే కనుక్కోండి. మంచిర్యాలలో ఉందా, గోదావరి దాటి పోవాలా, కరీంనగర్ దాకా వెళ్లాలా? షిఫ్టు మనిషికి ఒక మరమ్మతు అంటే ఒక రోజు మస్టరు పోయినట్టే. ఆ మోడల్ తెర మార్చడానికి ఎంత అవుతుందో కూడా ముందే అడగండి. చాలా కంపెనీలు విడిభాగాల ధరలు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. ఒక్కోసారి తెర ఖరీదు ఫోన్ ధరలో మూడో వంతు దాటిపోతుంది. ఆ అంకె విన్నాక కొందరు వేరే మోడల్ చూసుకుంటారు.

డబ్బు మాట కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. 2024లో మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు లాభాల నుంచి మనిషికి 5,000 రూపాయలు ఇచ్చారు. 2025లో 5,500. ఒకే బాయి మీద, ఒకే దుమ్ములో పనిచేసే ఇద్దరిలో ఒకరికి 20 వేల ఫోన్ బోనసులో చిన్న ముక్క, ఇంకొకరికి వచ్చినదానికి దాదాపు నాలుగింతలు. ఆ రెండో మనిషికే దుకాణంలో వాయిదాల కాగితం ముందు పెడతారు. నో కాస్ట్ ఈఎంఐ అంటారు. సున్నా వడ్డీ అనే పథకాల్లో వడ్డీ ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాక్కుని ఉంటోందని 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. కాబట్టి వడ్డీ ఎంత అని అడక్కండి. రెండు ప్రశ్నలు వేయండి. ఇప్పుడే మొత్తం కడితే ఎంతకు ఇస్తావు? వాయిదాల్లో కడితే ఫీజు, జీఎస్టీ, బీమా అన్నీ కలిపి చివరికి నా జేబులోంచి ఎంత పోతుంది? ఉదాహరణకు నగదుకు 18,000, వాయిదాలన్నీ కలిపి 19,850 అనుకోండి. ఆ 1,850 రూపాయలే వడ్డీ, దానికి వాళ్లు ఏ పేరు పెట్టినా సరే. ఇట్లా లెక్క వేసుకున్నాక, దుమ్ముకు 6 అంకె ఉండి, ఒక మెట్టు చిన్న చిప్ ఉన్న 15 వేల ఫోన్ మంచి ఎంపిక అనిపిస్తే అది చిన్నతనం కాదు. ఆ కోత మీ రోజుకు అడ్డం రాదు.

కొన్న రోజు పనులు కొన్ని ఉన్నాయి. బిల్లు మీద ఐఎంఈఐ నంబరు రాయించుకోండి. ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఆ నంబరు తెర మీద వస్తుంది, పెట్టె మీది నంబరుతో, బిల్లు మీది నంబరుతో కలవాలి. ఎవరి దగ్గరైనా పాత ఫోన్ కొంటుంటే ఇది ఇంకా ముఖ్యం. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కె, వై, ఎం అని కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కు మెసేజ్ పంపండి. ఆ నంబరు మీద ఫోన్ నిషేధంలో ఉందా, నకిలీదా అన్నది జవాబులో తెలుస్తుంది. దొంగ ఫోన్ చవకగా కొని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే కంటే ఆ మెసేజ్ పంపడం నయం.

మొదటి వారం ఫోన్‌ను గట్టిగా వాడండి, పెట్టెను, బిల్లును పారేయకండి. తెర మీద గీత కనబడినా, చార్జింగ్ పెట్టినప్పుడు అతిగా కాగినా వెంటనే దుకాణానికి తీసుకుపోండి, మార్పిడి గడువు సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, దాన్ని బిల్లు వెనకాల రాసి పెట్టుకోండి.